జాఫర్‌ని చంపితేనే గెలుపు

మేం అనంతపురం సాయిబులం. కరువు సీమ వాళ్ళం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మాకది మంచి ఏడే. మా చరిత్ర రాయమంటే గుత్తికోట గురించో, పెనుగొండ బాబయ్య దర్గా గురించో రాస్తామని మీరనుకుంటారు. అవీ రాయాల్సినవే. కానీ మేమిప్పుడు ఒక ఆట గురించి రాయబోతున్నాం. కంప్యూటర్లో ఆడే ఆట. నవ్వకండి. మా పిల్లలు చరిత్రని బడి పుస్తకంలో కన్నా ఆ తెర మీదే ఎక్కువ చూశారు. ఆ తెర మీద తమ పేర్లు ఎవరికి పెట్టారో కూడా అక్కడే చూశారు.

1990ల చివర్లో మా ఊళ్ళో వీధికొక కంప్యూటర్ సెంటర్ పుట్టింది. డాస్ నేర్చుకోడానికి ఫీజు కట్టి వెళ్ళేవాళ్ళం. సారు టీకి పోగానే ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టుకునేవాళ్ళం. తెల్లబట్టలు, పసుపు జుట్టు ఉన్న కుర్రాడు. చెరసాల్లోంచి పరిగెత్తాలి, గోడలెక్కాలి, గుంతలు దూకాలి, తలపాగాల సిపాయిలతో కత్తి తిప్పాలి. టైము అరవై నిమిషాలు. ఆ గంట లోపల వజీరు జాఫర్‌ని చంపి షెహజాదీని విడిపించాలి. సుల్తాను ఎక్కడో యుద్ధంలో ఉంటాడు. చాలాసార్లు జాఫర్ కన్నా ముందు కరెంటే మమ్మల్ని ఓడించేది.

మా వీధిలో ఆ పేరున్నవాడొకడు ఉండేవాడు. "రేయ్, నిన్ను సంపితే గానీ ఆట అయిపోదంట రా" అని వాణ్ణి ఏడిపించేవాళ్ళం. ఆ మాట అన్నదీ మేమే, పడిందీ మేమే. కొన్నాళ్ళకి వాడు సెంటర్‌కి రావడం మానుకున్నాడు. ఎందుకని మేం అడగలేదు.

ఇంతకీ ఆ జాఫర్ ఎవరు? మా ఇళ్ళల్లో రజబు నెల 22న కూండోంకి ఫాతెహా చేస్తారు. పూరీలు, ఖీరు చేసి చుట్టుపక్కల వాళ్ళని పిలిచి తినిపిస్తారు. అది ఇమాం జాఫర్ సాదిఖ్ పేరు మీద. అందుకే ఆ పేరు మాకు బరకత్ ఉన్న పేరు. ఇక బగ్దాదులో వజీరు కొడుకు జాఫర్ ఒకాయన నిజంగానే ఉన్నాడు. హారూన్ రషీదు కొలువులో బర్మకీ వంశం వాడు. ఆ వంశం పూర్వీకులు బల్ఖ్‌లో బౌద్ధ విహారాన్ని చూసుకున్నవాళ్ళు. మన దేశపు వైద్య గ్రంథాల్ని సంస్కృతంలోంచి అరబ్బీలోకి చేయించింది ఆ వంశం వాళ్ళే. 803లో హారూన్ రషీదు ఆయన్ని చంపించాడు. అంటే చంపినవాడు ఖలీఫా, చచ్చినవాడు జాఫర్. అరేబియన్ నైట్స్ కథల్లో కూడా ఆయన మంచి వజీరే. మారువేషంలో రాజు వెంట రాత్రిళ్ళు బగ్దాదు వీధులు తిరుగుతుంటాడు. 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బాగ్దాద్ సినిమాలో ఆయన దుర్మార్గుడయ్యాడు. ఆ సినిమా నుంచి 1989లో ఆటలోకి, 1992లో డిస్నీ అల్లావుద్దీన్‌లోకి వచ్చాడు. వెయ్యేళ్ళ పేరుని యాభై ఏళ్ళలో మార్చేశారు.

ఆట చేసింది జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి ఆ కదలికల్ని ఒక్కొక్క బొమ్మగా గీశాడు. కత్తి యుద్ధాన్ని 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా చూసి దించుకున్నాడు. సంగీతం వాళ్ళ నాన్నది. ఆ నాన్న చిన్నప్పుడు వియన్నాలో నాజీల నుంచి తప్పించుకుని బయటపడ్డ యూదు పిల్లవాడు. ఈ సంగతి మాకు చాలా ఏళ్ళకి తెలిసింది, మెక్నర్ తన కుటుంబం కథ బొమ్మల పుస్తకంగా వేసినాక. తరిమితే పారిపోవడం అంటే ఏమిటో తెలిసిన ఇంటివాడు. ఆయనకి మా మీద కోపమేం ఉంది? ఏమీ లేదు. సినిమాలో దొరికిన పేరు తీసుకున్నాడు, అంతే. పగ ఉంటే మాట్లాడుకోవచ్చు. పగ లేకుండానే మన పేరు చెడిపోతే ఎవరితో మాట్లాడాలి?

ఆ తర్వాత ఆట పాతబడింది. 1999లో మూడు కొలతల బొమ్మలతో ఒకటి తీస్తే ఎవరూ మెచ్చలేదు. ఫ్రాన్సు కంపెనీ యూబీసాఫ్ట్ ఆ పేరుని తీసుకుని, కెనడాలోని మాంట్రియల్‌లో మళ్ళీ మొదటినుంచి కట్టింది. పేరు ద సాండ్స్ ఆఫ్ టైమ్, కాలపు ఇసుక. 2003లో వచ్చింది. ఆ కథ మా గుండెకి తగిలిన కథ, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాం.

పర్షియా రాజు షారమాన్ సైన్యం దారిలో హిందుస్తానంలో ఒక మహారాజు కోట మీద పడుతుంది. కోట లోపలివాడే ఒకడు ద్రోహం చేసి తలుపు తీస్తాడు. ఎవరు? మళ్ళీ వజీరే. ఈసారి పేరు కూడా లేదు. రాజకుమారుడు కోట దోచి ఒక బాకు ఎత్తుకొస్తాడు. మహారాజు కూతురు ఫరా బందీ అవుతుంది. రాజకుమారుడు వజీరు మాట విని గడియారపు ఇసుక విడిచిపెడితే మనుషులంతా రాక్షసులైపోతారు. ఆ బాకుకి ఒక గుణముంది. నొక్కితే కాలం కొన్ని క్షణాలు వెనక్కి పోతుంది. గోడ మీంచి జారి పడితే మళ్ళీ గోడ మీదే ఉంటాం. ఆ ఒక్క కిటుకుతో పాత ఆట పూర్తిగా కొత్తదయింది. పాత ఆటలో గంట దాటితే ఖతం. కొత్తదాంట్లో చేసిన తప్పు దిద్దుకోవచ్చు. చివర్లో ఆ కుర్రాడు కాలాన్నంతా వెనక్కి తిప్పేస్తాడు. దండయాత్రకి ముందు రాత్రికి. తను చేసిన దోపిడీ జరగనే లేదు. ఫరా దగ్గరికెళ్ళి కథంతా చెప్తాడు.

బడిలో చరిత్ర క్లాసంటే మాకు భయముండేది. గజనీ మహమ్మదు పాఠం రాగానే బెంచీలన్నీ మావైపు తిరిగేవి. ఆయనెవరో, మా తాత ఎవరో. మా తాత దూది ఏకినవాడు, ఊరూరా పరుపులు కుట్టినవాడు. అయినా దండయాత్రకి లెక్క చెప్పాల్సింది మేమే. అట్లాంటి మాకు, దండయాత్ర కొచ్చినవాడి కొడుకే పశ్చాత్తాపపడి దాన్ని జరగకుండా చేసే కథ దొరికింది. ఆ బాకు నిజంగా మన చేతికొస్తే ఏ రోజుకి తిప్పుతామని ఒక రాత్రి మాట్లాడుకున్నాం. ఒకడు 1992 డిసెంబర్ 6 అన్నాడు. ఇంకొకడు, వాళ్ళ అబ్బా అదునుకి వేరుశెనగ విత్తనం దొరక్క చేను బీడు పెట్టిన వారానికి అన్నాడు. ఇద్దరినీ ఎవరూ కాదనలేదు.

ఇసుక గురించి కూడా ఒక మాట. పెన్నలో నీళ్ళ కన్నా ఇసుకే ఎక్కువ చూసినోళ్ళం మేం. రాయదుర్గం అవతల కణేకల్లు, బొమ్మనహాళ్ దిక్కున హగరి ఒడ్డు నుంచి ఇసుక లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. ఎడారి కథ ఎడారి మొదలైన చోట కూర్చుని ఆడుకున్నాం.

2003 ఆట గెలిచింది. 2004లో రెండోది వచ్చింది. హీరోకి గడ్డం మాసింది, ముఖాన కోపం, వెనకాల చెవులు పగిలే సంగీతం. 2005లో మూడోది. అవి మేం ఆడాం గానీ చెప్పుకోడానికేం లేదు. అదే సమయంలో ఆ మాంట్రియల్‌లోనే పాట్రిస్ డెసిలే అనే ఆయన ఇంకో మలుపు ఆలోచించాడు. రాజకుమారుడు పసివాడు, వాణ్ణి కాపాడే కాపలాదారే హీరో. రాజకుమారుడు హీరో కాకపోతే ఆ పేరెట్లా పెడతారని కంపెనీ ఒప్పుకోలేదు. అందుకని వేరే పేరుతో 2007లో వచ్చింది. అదే అసాసిన్స్ క్రీడ్.

దాంట్లో హీరో అల్తాయిర్. 1191, మూడో క్రూసేడు. డమాస్కస్, జెరూసలెం, ఏకర్. మొట్టమొదటిసారి అరబ్బు పేరున్నవాడు మా చేతిలో కదిలాడు. అదే 2007లో వచ్చిన ఇంకో పెద్ద తుపాకుల ఆటలో పేరు లేని అరబ్బు దేశం, అల్ అసద్ అనే దుర్మార్గుడు. మేం అమెరికా సిపాయిలమై మా పేర్లున్నవాళ్ళనే కాల్చాలి. అందుకే అల్తాయిర్‌ని చూసి పొంగిపోయాం. తర్వాత నిదానంగా చూస్తే, ఆయన మాట అమెరికా యాస. నమాజు లేదు, ఏ మతమూ పట్టనివాడు. వేర్వేరు మత విశ్వాసాల వాళ్ళు కలిసి చేశామని ఆట మొదట్లోనే ఒక ప్రకటన వేశారు. మంచిదే. కానీ ఆ పేరు, అసాసిన్ అనే ఆ మాట, ఎక్కణ్ణుంచి వచ్చింది?

1090లో హసన్ సబ్బాహ్ పర్షియాలో అలమూత్ కోట పట్టాడు. వాళ్ళు నిజారీ ఇస్మాయిలీలు, షియాల్లో ఒక శాఖ. ఈ రోజు ఆగాఖానీ ఖోజాలంటే మనకి తెలుసు కదా, ఆ శాఖ వాళ్ళే. చిన్న గుంపు, చుట్టూ పెద్ద సామ్రాజ్యాలు. సైన్యాన్ని ఎదుర్కొనే బలం లేదు కనుక ఒక్కొక్క పెద్దమనిషిని చంపారు. అది నిజమే, దాచేదేం లేదు. ఆ కాలంలో అట్లా చంపినవాళ్ళు వాళ్ళొక్కరే కాదు, అదీ నిజమే. పడని ముస్లింలు వాళ్ళని 'హషీషియ్యా' అని తిట్టారు. గంజాయి తాగేవాళ్ళు, తక్కువ జాతివాళ్ళు అనే అర్థంలో. క్రూసేడు దొరలు ఆ తిట్టుని పేరనుకుని యూరపుకి పట్టుకుపోయారు. మార్కోపోలో దానికి తోట, కన్నెలు, మత్తుమందు కథ తగిలించాడు. 1256లో మంగోలులు అలమూత్ పట్టి గ్రంథాలయాన్ని తగలబెట్టారు. తమ గురించి తాము రాసుకున్నవి బూడిద కాగా, శత్రువుల రాతలు మిగిలాయి. 1938లో బార్టోల్ అనే స్లొవేనియా రచయిత, యూరపులో నియంతల్ని మనసులో పెట్టుకుని 'అలమూత్' నవల రాశాడు. ఆట పుట్టింది ఆ నవల ఊపిరితో. ఈ కట్టుకథలన్నిటినీ విప్పి ఫర్హాద్ దఫ్తరీ 1994లో ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకం చదివినవాళ్ళెందరు, ఆట ఆడినవాళ్ళెందరు?

మాకు సాటి ముస్లింలే పెట్టిన తిట్టు అది అన్న సంగతి ఇక్కడ మింగుడుపడని ముక్క. మేం కూడా తక్కువ తినలేదు. దూదేకుల వాళ్ళని 'అటూ ఇటూ కానోళ్ళు' అని మా దక్కనీ ఇళ్ళల్లో ఎన్ని మాటలన్నారో మా పెద్దలకి తెలుసు.

అసాసిన్స్ క్రీడ్ కూడా పాతబడింది. ఏడాదికొకటి తీసి తీసి జనానికి మొహం మొత్తింది. ఒక ఏడాది ఆపి, 2017లో ఈజిప్టు కథతో పద్ధతి మొత్తం మార్చారు. ఆట పెద్దదైంది, గంటలు గంటలు పట్టేదైంది. ఆఖరికి అదీ విసుగు పుట్టాక, 2023లో మళ్ళీ మొదటికొచ్చి తొమ్మిదో శతాబ్దపు బగ్దాదు కట్టారు. ఆ వీధుల్లో నడిచాం. అరబ్బీలో మాట్లాడించుకుంటూ నడవొచ్చు. గమనించారా, ఈ రెండు వరసలకీ ఊపిరి ఆగినప్పుడల్లా వచ్చి తవ్వుకునేది పర్షియా, బగ్దాదు గనులే.

కథని మార్చి చెప్పడం తప్పని మేమనడం లేదు. నార్పల పక్కన గూగూడుకి రండి మొహర్రంలో. 680లో కర్బలాలో జరిగింది అక్కడ కుళ్ళాయిస్వామి కథ అయిపోయింది. హుసేను హుసేనప్ప అయ్యాడు. పీరు ఎత్తేవాళ్ళలో, నిప్పులు తొక్కేవాళ్ళలో హిందువులే ఎక్కువ. కుళ్ళాయప్ప అని పేరున్న మనిషి మతమేదో పేరుని బట్టి మా జిల్లాలో చెప్పలేరు. అంతకంటే పెద్ద మార్పు ఏ కంపెనీ చేస్తుంది? కాకపోతే అది మార్చినవాళ్ళు ఆ పది రోజులూ ఉపవాసముండి, ఆ నిప్పులో నడిచి మార్చారు.

2010 తర్వాత ప్రిన్స్ ఆఫ్ పర్షియా మూతపడ్డట్టే అయింది. ఆ ఏడాదే సినిమా వస్తే పర్షియా రాకుమారుడిగా వేసింది హాలీవుడ్ తెల్ల నటుడు. 2020లో మాత్రం ఒక వార్త వచ్చింది. ఆ 2003 ఆటని, మన మహారాజు కోట కథని, పుణె, ముంబయి స్టూడియోల్లో మనవాళ్ళే మళ్ళీ తయారు చేస్తున్నారని. బెంగళూరుకీ పుణెకీ కంప్యూటర్ పనికి వెళ్ళిన మా పిల్లలు తెగ సంబరపడ్డారు. చూపించిన బొమ్మలు బాగాలేవని లోకమంతా ఎగతాళి చేసింది. తేదీలు వాయిదా పడ్డాయి. 2022లో పనిని మాంట్రియల్‌కి మార్చారు. 2026 జనవరిలో రద్దు చేశారు.

ఈ లోపల 2024 జనవరిలో ఫ్రాన్సులోని మోంపెలియే వాళ్ళు ఇంకో దారి తొక్కారు. ద లాస్ట్ క్రౌన్. మళ్ళీ పక్కనుంచి చూసే ఆట, మేం డాస్‌లో ఆడినట్టు, కానీ ఒకే పెద్ద కోటలో వెనక్కీ ముందుకీ తిరుగుతూ దారులు తెరుచుకోవాలి. హీరో సర్గోను. రాజకుమారుడు కాదు, రాజకుమారుణ్ణి వెతికే కాపలా సిపాయి. ఇరవై ఏళ్ళ కిందట కంపెనీ వద్దన్న ఆలోచన అది! మంచి పేరొచ్చింది. అనుకున్నంత అమ్ముడుపోలేదని ఆ ఏడాదే ఆ జట్టుని విడదీశారు.

ఆ ఆట పూర్తిగా ఫార్సీలో వినొచ్చు. మాలో ఒకడి ఇంట్లో అట్లా పెట్టాం. నానీ మంచం మీద కూర్చుని వక్క నములుతూ వినింది. ఆమెకి ఫార్సీ రాదు, మాకూ రాదు. మన తహసీల్దారుకిచ్చే దరఖాస్తులో, దస్తావేజులో ఉన్నంత ఫార్సీ ఈ జిల్లాలో రైతులందరికీ వచ్చు, అంతే. కోట ఉన్న కొండ పేరు ఏమిట్రా అని అడిగింది. ఖాఫ్ అని చెప్పాం.

"కోహె ఖాఫా?" అంది. "ఆ పరీలుండే కొండ గదరా. మీకు చిన్నప్పుడు నేను చెప్పలా?"

చెప్పింది. వాన రాని ఆషాఢంలో మిద్దె మీద పడుకోబెట్టి చెప్పేది. ఆ కథలో వజీరు ఏం చేసేవాడని అడిగాం. ఆమె కాసేపు గుర్తుచేసుకుని, వజీరు మంచోడే, పాద్‌షాకే బుద్ధి ఉండదు అనింది.