నల్ల జెర్సీని ప్రతిపాదించిన ఫార్వర్డ్

రగ్బీ ఆటలో ఫార్వర్డ్ అంటే బంతి కోసం ఎదుటి జట్టుతో భుజాలు ఒరుసుకుంటూ పెనుగులాడే ముందువరుస ఆటగాడు. అందిన బంతితో పరుగెత్తి పేరు తెచ్చుకునేది ఎక్కువగా వెనుకవరుసవారైతే, ఆ బంతిని సంపాదించిపెట్టే శ్రమ ఫార్వర్డ్‌లది. విక్టోరియా రాణి కాలంలో న్యూజిలాండ్‌కు ఆడిన మావోరి ఫార్వర్డ్ థామస్ రంగివాహియా ఎల్లిసన్ ఆ శ్రమలో ఆరితేరినవాడే అయినా, చరిత్రలో ఆయనకు దక్కిన స్థానానికి అసలు కారణం మైదానం వెలుపల ఆట వ్యూహం గురించీ, వేషం గురించీ, ఆటగాళ్ల జీతనష్టం గురించీ ఆయన చేసిన ఆలోచనలు.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒటాకోలో, న్గాయ్ తాహు అనే మావోరి తెగలో 1860ల ద్వితీయార్ధంలో ఎల్లిసన్ జన్మించారు. తండ్రి రనియెరా 1862లో షాటోవర్ నదీతీరాన బంగారం కనుగొన్నవారిలో ఒకరు. హాక్స్ బే ప్రాంతంలో మావోరి బాలుర కోసం నడిచిన తే ఔటే కళాశాలలో చదువుకున్న ఎల్లిసన్, తరువాత వెల్లింగ్టన్ చేరి పోనెకే క్లబ్బు తరఫున ఆడుతూ ఆ రాష్ట్ర జట్టులోనూ చోటు సంపాదించారు.

1888లో జో వార్‌బ్రిక్ నాయకత్వాన బయలుదేరిన న్యూజిలాండ్ నేటివ్స్ జట్టులో ఎల్లిసన్ ముఖ్య ఫార్వర్డ్. ఇరవై ఆరుగురు సభ్యుల్లో అత్యధికులు మావోరి మూలాలవారైన ఈ జట్టు స్వదేశంలోనూ, ఆస్ట్రేలియాలోనూ, బ్రిటిష్ దీవుల్లోనూ కలిపి 107 రగ్బీ పోటీలు ఆడి 78 గెలిచింది. ఒక్క బ్రిటిష్ దీవుల్లోనే 74 ఆడి 49 గెలిచింది. 1889 ఫిబ్రవరిలో బ్లాక్‌హీత్‌లో ఇంగ్లండ్‌తో జరిగిన పోటీలో ఎల్లిసన్ పట్టుకోగా ఇంగ్లండ్ ఆటగాడు ఆండ్రూ స్టాడర్ట్ నిక్కరు చిరిగిపోయింది. ఆయన మరుగు కోసం నేటివ్స్ ఆటగాళ్లు చుట్టూ నిలిచిన సమయంలో ఫ్రాంక్ ఎవర్షెడ్ బంతి తీసుకుపోయి గీతకు అవతల ఆనించగా, రిఫరీ రోలాండ్ హిల్ దాన్ని ట్రైగా, అంటే న్యాయమైన స్కోరుగా, అంగీకరించారు. రిఫరీయే ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ కార్యదర్శి కూడా కావడంతో వివాదం ముదిరి, కొందరు నేటివ్స్ ఆటగాళ్లు నిరసనగా మైదానం విడిచివెళ్లారు. పర్యాటకుల మర్యాద గౌరవించబడలేదన్న బాధ మిగలగా, క్షమాపణ మాత్రం యూనియన్ వారినుంచే కోరింది.

వ్యూహరంగంలో ఎల్లిసన్ పేరు వింగ్ ఫార్వర్డ్ అనే స్థానంతో ముడిపడి ఉంది. ఆట ఆగిన చోట ఇరుజట్ల ఫార్వర్డ్‌లు వంగి, బారులు కట్టి ఒకరినొకరు నెట్టుకుంటూ, మధ్యలో వేసిన బంతిని కాళ్లతో తమవైపు లాక్కునే పోరును స్క్రమ్ అంటారు. ఎనిమిది మందిలో ఏడుగురిని రెండు, మూడు, రెండుగా నిలిపి, ఎనిమిదో వాడిని వింగ్ ఫార్వర్డ్‌గా పక్కన విడిగా ఉంచితే, అతడు బంతి అందుకునే హాఫ్‌బ్యాక్ మీదికి ప్రత్యర్థులు దూకకుండా అడ్డుగా ఉంటాడు. ఈ ఏర్పాటును పోనెకే క్లబ్బులో తానే రూపొందించానని ఎల్లిసన్ చెప్పుకున్నారు. ఇది నైపుణ్యమా, అక్రమంగా అడ్డుపడటమా అన్న వాదం మాత్రం దశాబ్దాలపాటు నడిచింది.

1892లో ఏర్పడిన న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ మరుసటి ఏడాది జరిపిన వార్షిక సమావేశంలో, వెండి రంగు ఫెర్న్ ఆకు గుర్తుతో నల్ల జెర్సీని జాతీయ జట్టు వేషంగా ఎల్లిసన్ ప్రతిపాదించగా సభ ఆమోదించింది. నేటివ్స్ పర్యటనలో ధరించిన నలుపుకు ఇది కొనసాగింపు. అదే ఏడాది యూనియన్ పంపిన తొలి జట్టుకు ఆయనే నాయకుడై, ఆస్ట్రేలియా పర్యటనలో పదకొండు పోటీల్లో పది గెలిపించారు.

న్యాయవాద వృత్తిలో అడుగుపెట్టిన తొలితరం మావోరీల్లో ఒకరైన ఎల్లిసన్, దూరపర్యటనల్లో కోల్పోయే కూలిని, జీతాన్ని ఆటగాళ్లకు చెల్లించాలని 1898లో ప్రతిపాదించారు. ఇదే ప్రశ్నపై ఇంగ్లండ్‌లో ఉత్తరాది క్లబ్బులు 1895లోనే యూనియన్ నుంచి విడిపోయి ఉన్నందున, డబ్బు తీసుకోకుండా ఆడటమే శీలమని నమ్మిన అధికారులకు ఇది ఇబ్బందికరమైన మాట. నిలకడైన ఆదాయం ఉన్నవాడికి మాత్రమే ఆ శీలం సులభమన్న సత్యం ఆ ప్రతిపాదనలో ఇమిడి ఉంది. తన అనుభవాన్ని 1902లో రగ్బీ కళపై పుస్తకంగా వెలువరించిన ఆయన, 1904 అక్టోబరులో పొరిరువాలోని మానసిక చికిత్సాలయంలో క్షయతో కన్నుమూశారు.

ఏడాది తిరగకుండానే ఆయన నల్ల జెర్సీతో, ఆయన స్క్రమ్ పద్ధతితో బ్రిటిష్ దీవులకు వెళ్లిన జట్టు వేల్స్ చేతిలో ఒక్కసారి మాత్రమే ఓడి, ఆల్ బ్లాక్స్‌గా ప్రసిద్ధికెక్కింది. 1930ల తొలినాళ్లలో నిబంధనలు మారి వింగ్ ఫార్వర్డ్ స్థానం కనుమరుగైంది. ఆటగాడికి డబ్బు చెల్లించడంపై ఉన్న నిషేధం 1995లో తొలగింది. ఆయన సూచించిన మూడింటిలో జెర్సీని ఆట వెంటనే తొడుక్కుంది, స్క్రమ్ పద్ధతిని కొంతకాలం వాడి వదిలేసింది, జీతనష్టం మాటను ఒప్పుకోవడానికి మాత్రం దాదాపు వందేళ్లు తీసుకుంది.