సెల్‌ఫోన్ తాళం – రాజ్యాధికారం: తెలుగు నేలతో ముడిపడిన న్యాయచరిత్ర

ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 సెప్టెంబరు చివరి వరకు బళ్ళారి జిల్లాలోనివి. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరి కర్నూలు జిల్లాలో భాగమయ్యాయి. మూడేళ్ళకు ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకు కొన్నేళ్ళ ముందే దేశానికి స్వాతంత్ర్యమూ వచ్చింది. ఇన్ని మార్పుల నడుమ మారనిది ఒకటుంది. ఒక మనిషి మరొకరికి పంపిన మాటను దారిలో ఆపి చూసే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5వ సెక్షను, 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోని 26వ సెక్షను మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆలూరుకు ఎలా వర్తించాయో, కర్నూలు జిల్లాలోని ఆలూరుకూ అలాగే వర్తించాయి. వాటి స్థానంలో కొత్త చట్టాలు అమలులోకి రావడానికి 2024 జూన్ వరకు ఆగవలసి వచ్చింది.

ఆ పాత చట్టాలు మధ్యవర్తి ఉంటాడన్న నమ్మకం మీద నిలిచాయి. ఉత్తరం తపాలా కార్యాలయం గుండా, తంతి తంతి కార్యాలయం గుండా, ఫోన్ మాట ఎక్స్ఛేంజి గుండా పోక తప్పదు. కనుక మాటను పట్టుకోవడానికి ప్రభుత్వం ఆ మనిషి గడప తొక్కనక్కరలేదు. 2016 ఏప్రిల్‌లో వాట్సప్ తన వినియోగదారులందరికీ ఎన్‌క్రిప్షన్ అమలు చేశాక ఈ పరిస్థితి తలకిందులైంది. సందేశాన్ని విప్పే తాళంచెవి పంపినవారి ఫోన్‌లోను, అందుకున్నవారి ఫోన్‌లోను తప్ప సంస్థ వద్ద లేదు. దాంతో ప్రభుత్వ దృష్టి తీగ మీది నుండి మనిషి చేతిలోని పరికరం మీదికి మళ్ళింది. అందువల్ల ఫోన్ తాళం వివాదానికి పూర్వచరిత్రను ట్యాపింగ్ చట్టాలలో కంటే సోదా చట్టాలలో వెదకడమే సమంజసం.

ఆ చరిత్రలో తొలి ముఖ్య ఘట్టం 1962 డిసెంబరు 18 నాటి ఖరక్ సింగ్ తీర్పు. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా ఉంచి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టి అతని ఉనికిని సరిచూసుకునేవారు. న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు రాత్రి తనిఖీలను కొట్టివేశారు గాని, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. దీనితో విభేదించినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. రాజమండ్రిలో జన్మించి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. జస్టిస్ జె.సి. షాతో కలిసి రాసిన భిన్నతీర్పులో ఆయన గోప్యతను వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని అంశంగా గుర్తించారు. వెంట ఒక కన్ను ఉన్నదని తెలిసిన మనిషి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా నడవలేడన్నది ఆయన వాదన సారం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అభిప్రాయాన్నే సమర్థించింది. యాభై అయిదేళ్ళు పట్టింది.

ఈ రెంటి నడుమ ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన మరొక వివాదం ఉంది. దానికి దక్కవలసినంత చర్చ తెలుగులో దక్కలేదు. 1899 నాటి స్టాంపు చట్టంలోని 73వ సెక్షను ప్రకారం ప్రభుత్వాధికారుల వద్ద ఉన్న పత్రాలను మాత్రమే తనిఖీ చేయవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం 1986లో తెచ్చిన 17వ చట్టంతో దీని పరిధిని విస్తరించింది. కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ఏ ఆవరణలోకైనా ప్రవేశించి, పత్రాలు చూసి, అవసరమనుకుంటే స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకులు హైకోర్టుకెక్కాయి. హైకోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వేసిన అప్పీలుపై 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. కెనరా బ్యాంకు కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పు రాసినవారు ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ.

ప్రభుత్వ వాదన సూటిగానే ఉంది. ఖాతాదారు తన పత్రాన్ని బ్యాంకుకు ఇచ్చాడు కాబట్టి అది ఇక అతని రహస్యం కాదు. న్యాయస్థానం దీనిని అంగీకరించలేదు. గోప్యత మనుషులకు చెందినదే గాని చోటుకు చెందినది కాదని, పత్రం చేయి మారినంత మాత్రాన హక్కు కరిగిపోదని తేల్చింది. అంతకన్నా కీలకమైనది మరొకటి. ఆ ‘ఏ వ్యక్తి’ ఎవరో, ఏ కారణం చూపి లోపలికి రావాలో, ఆ కారణానికి ఆధారమేమిటో చట్టం చెప్పలేదన్నది. రుసుము ఎగవేతను అరికట్టాలన్న ఉద్దేశాన్ని కోర్టు తప్పుపట్టలేదు. హద్దులేని తనం వల్లనే ఆ సెక్షను నిలవలేదు. ఫోన్ తనిఖీని విచారించేవారికి కావలసిన కొలబద్ద ఇదే. సాంకేతికత ఎంత కొత్తదైనా, ముందుగా కారణం రాసినవారెవరన్న ప్రశ్న మాత్రం పాతదే.

1996లో పి.యు.సి.ఎల్. కేసులోనూ సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్‌కు ఇదే సూత్రాన్ని వర్తింపజేసి, హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వును, సమీక్షా సంఘాన్ని తప్పనిసరి చేసింది. తాళం విప్పమనడంలో మాత్రం మరొక చిక్కు ఉంది. నిందితుని వేలిముద్ర తీసుకోవడం స్వయంసాక్ష్యం కాదని 1961లో కాఠీ కాలు తీర్పు చెప్పింది. మనసులోని విషయాన్ని బలవంతంగా రాబట్టరాదని 2010లో సెల్వి తీర్పు చెప్పింది. ఒకే ఫోన్ వేలితోనూ తెరుచుకుంటుంది, గుర్తుంచుకున్న అంకెలతోనూ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ చెప్పించడం స్వయంసాక్ష్యం కాదని 2021లో కర్ణాటక హైకోర్టు భావించగా, నిందితుని అందుకు బలవంతపెట్టరాదని 2022లో ఢిల్లీలోని సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానం భావించింది.

2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసులు వాహనదారులను ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సప్ సంభాషణలలో గంజాయి వంటి పదాలను వెదుకుతున్న దృశ్యాలు వెలుగులోకి వచ్చాయి. రాతపూర్వకమైన కారణం, ఉత్తర్వు, సమీక్ష అన్నవి ఆ రోడ్డు పక్క ఎక్కడ? ‘ఏ వ్యక్తి’కైనా అధికారమిచ్చిన పాత 73వ సెక్షను ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఎన్‌క్రిప్షన్ ఛేదించవలసిన అవసరమే అక్కడ రాలేదు. యజమాని వేలే తాళంచెవి అయింది. 2024 మార్చిలో తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోపై వచ్చిన ట్యాపింగ్ కేసులో ఆరోపణలు మరో రకమైనవి. అక్రమ నిఘాతో పాటు, దాని ఆనవాళ్ళున్న హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారన్నది అభియోగం. సమీక్షా సంఘం ఉన్నా, దాని ముందుకు రాని పనిని అది సమీక్షించలేదు.

ఐ.టి. చట్టం 69వ సెక్షను కింద సమాచారాన్ని విప్పి ఇవ్వడానికి సహకరించనివారికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు; అయితే ఆ ఉత్తర్వుకు కారణం రాసి ఉండాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షను, డిజిటల్ సాక్ష్యం ఉండగల పరికరాన్ని హాజరుపరచమని కోరే అధికారాన్ని స్పష్టంగా పేర్కొన్నది. ఆ పరికరం పాస్‌వర్డ్ గురించి అందులో ఒక్క మాట లేదు.