పంజాగుట్ట సిగ్నల్ నుంచి మైక్రోస్కోపు దాకా

ఇరవై ఏళ్ల కిందటి హైదరాబాద్ పంజాగుట్ట అనుకోండి. మెట్రో స్తంభాలు ఇంకా లేవు. పొద్దున తొమ్మిదిన్నర. చౌరస్తా మధ్యలో, గొడుగు కింద, తెల్లచొక్కా ట్రాఫిక్ కానిస్టేబుల్ పక్కన మీరు నిలబడ్డారు. అమీర్‌పేట వైపు నుంచి సిటీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఆగాయి. ఎర్రలైటు పడినా ఇంజన్ ఆపేవాడు లేడు. పచ్చలైటు పడగానే అందరూ ఒక్కసారే రేజ్ చేస్తారు. ముందు ముక్కుకు తగిలేది ఆటోల్లోంచి ఆయిల్ కలిసిన పెట్రోలు వాసన. దాని వెనకే బస్సుల డీజిల్ పొగ.

"ఓ అన్నా! బండి లైన్ వెనకకు తియ్!"

అరవడానికి నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకో గుక్క పొగ లోపలికి. మాస్కు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకుంటే విజిల్ ఊదేదెలా? రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు, గుడ్డ మీద నల్లటి మరక. ఆ మరకను వదిలేయండి, అది బయటికి వచ్చేసింది. లోపలికి పోయినదాని వెంట వెళ్దాం.

మసి రేణువుకు అంటుకుని బెంజోపైరీన్ అనే పదార్థం ఊపిరితిత్తుల్లోకి దిగింది. నిజానికి అది వచ్చిన రూపంలో డీఎన్‌ఏ జోలికి పోలేదు. శరీరమే దాన్ని బయటికి పంపాలని చూస్తుంది. కొవ్వులో కరిగే పదార్థం కదా, నీళ్లలో కరిగేలా మార్చడానికి ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ మార్పుల మధ్యలో ఒక దశలో పుట్టేదే అసలు విషం. అది వెళ్లి డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది, జిప్పులో ఇరుక్కున్న గుడ్డముక్కలాగా. కణం చాలాసార్లు దాన్ని కత్తిరించి పారేస్తుంది. కత్తిరించేలోగా డీఎన్‌ఏకు నకలు తీయాల్సి వస్తే మాత్రం, అక్కడ గ్వానిన్ ఉండాల్సిన చోట వేరే అక్షరం పడొచ్చు. 1996లో కాలిఫోర్నియాలో గెర్డ్ ఫైఫర్ బృందం ఈ విషం పీ53 అనే కాపలా జన్యువులో ఎక్కడెక్కడ అతుక్కుంటుందో గుర్తించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఆ జన్యువు తరచుగా చెడిపోయి కనిపించే చోట్లూ అవే. పొగకూ రాచపుండుకూ మధ్య ఇంత సూటిగా వేలుపెట్టి చూపించిన సాక్ష్యం నాకు తెలిసి అరుదు.

ఇప్పుడు రోడ్డు దాటండి. అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జెనెటిక్స్ సంస్థ, దాన్ని ఆనుకునే జన్యువ్యాధుల ఆసుపత్రి. రసాయనాల మధ్య బతికే మనుషుల నెత్తురును ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. 1980లలో ద్రాక్షతోటల్లో మందు కొట్టే కూలీలు, 1991 నాటికి పత్తిచేల కూలీలు. ఆ వరుసలోనే ట్రాఫిక్ పోలీసులు వచ్చారు. శ్రీదేవి, హేమప్రసాద్, సంధ్యాదేవి, పి.పి.రెడ్డి కలిసి రాసిన ఆ పరిశోధన 2006లో 'మ్యుటేషన్ రీసెర్చ్' పత్రికలో వచ్చింది.

ఇలాంటి పరిశోధన ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూడండి. కానిస్టేబుల్ చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. సూది కంటే ముందు ప్రశ్నలు. సిగరెట్ తాగుతారా? మందు? ఈమధ్య ఎక్స్‌రే తీయించుకున్నారా? రోడ్డు డ్యూటీ ఎన్నేళ్లు? సిగరెట్ ఒక్కటే చాలు, లెక్క తారుమారు చేయడానికి. అందుకే పోల్చడానికి తీసుకునేవాళ్లను కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.

"క్యాన్సర్ ఉందో లేదో చెప్తరా మేడమ్?"

"ఇది ఆ పరీక్ష కాదు సార్."

నెత్తురు సీసాలో పడింది. తెల్లకణాలను విభజనకు రేపడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ప్రోటీన్ వేస్తారు. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకదాని స్థానంలో దూరే బ్రోమోడీఆక్సీయూరిడిన్ కూడా కలుపుతారు. 37 డిగ్రీల వెచ్చదనంలో 72 గంటలు. చివర్లో కోల్చిసిన్ వేసి కణాలను విభజన మధ్యలో ఆపేస్తారు. పల్చని ఉప్పునీటిలో వాటిని ఉబ్బించి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో గట్టిపరిచి, చల్లటి స్లయిడ్ మీద కాస్త ఎత్తు నుంచి చుక్క జారవిడుస్తారు. చుక్క తగిలి పరుచుకోగానే గదంతా వెనిగర్ వాసన.

ఇక స్లయిడ్‌కు రంగు అద్ది, మైక్రోస్కోపుకు కన్ను పెట్టండి. 46 క్రోమోజోములు చెదిరి పడి ఉన్నాయి. ఒక్కోదానికి రెండు పాయలు, ఒకటి ముదురు ఊదా, ఒకటి లేత. పాయ పొడుగునా రంగు మారకపోతే పేచీ లేదు. మధ్యలో ఎక్కడైనా ముదురు ఇటు, లేత అటు తారుమారైతే, అక్కడ రెండు పాయలూ తెగి ముక్కలు మార్చుకున్నాయన్నమాట. ఒకటి లెక్కపెట్టండి. ఒక్కో మనిషికి పదుల కణాలు ఇలాగే చూడాలి. స్లయిడ్ ఎవరిదో చూసేవాళ్లకు తెలియకుండా దాని మీద అంకె మాత్రమే రాస్తారు.

మార్పిడి జరిగిన ప్రతిచోటా జన్యువు పాడైందనుకోకండి. చాలావరకు ముక్కలు సరిగ్గానే అతుక్కుంటాయి. అది దెబ్బ తగిలిందనీ, మరమ్మతు జరిగిందనీ చెప్పే గుర్తు. ఆ గుర్తులు పొగలో పనిచేసే పోలీసుల్లో మిగతావాళ్ల కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ కనిపించాయి. గుంపు గురించి మాత్రమే చెప్పగలిగే మాట ఇది. ఇంకా కణితి అనేది లేని మనిషి నెత్తురులో ఈ తేడా కనబడుతుంది, అందుకే ఈ పరీక్షకు విలువ. కానీ కుర్చీలో కూర్చున్న ఆ ఒక్కడికి ఏమవుతుందో చెప్పదు, అందుకే ఆయన అడిగినదానికి జవాబు లేదు. ఎవరికి క్యాన్సర్ వస్తుందో తేలేసరికి మనిషి చౌరస్తా పక్కనే ఉన్న నిమ్స్ ఓపీలో చీటీ పట్టుకుని ఉంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది 2012లో. మరుసటి ఏడాది బయటి గాలి కాలుష్యాన్నీ చేర్చింది. మన సిటీలో లెక్కపెట్టిన స్లయిడ్లు అప్పటికి పాతబడ్డాయి కూడా. 2010లో తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు, పరమ్‌జిత్ గ్రోవర్ బృందం, పెట్రోలు బంకు కుర్రాళ్ల నెత్తురులోనూ డీఎన్‌ఏ దెబ్బలు చూశారు. అక్కడ అనుమానం బెంజీన్ మీద. ఎముక మజ్జను చేరి ల్యుకేమియా తెచ్చేది అదే. ఇప్పటి ప్రమాణాల ప్రకారం పెట్రోలులో బెంజీన్ ఒక్క శాతం మించకూడదు. అంటే ఐదు లీటర్లు కొట్టించుకుంటే అందులో 50 మిల్లీలీటర్ల దాకా ఉండొచ్చు. మూత తీయగానే తియ్యగా ముక్కుకు తగిలే వాసనలో అదీ ఉంటుంది. మనం ఒక్క నిమిషంలో వెళ్లిపోతాం. గన్ పట్టుకున్న కుర్రాడు మాత్రం ట్యాంకు మీదికి వంగి ఇంకెంత పడుతుందో చూస్తూ, తల ఎత్తకుండానే అంటాడు: "జీరో చూస్కోండి సార్."