కుందేలుకు గజ్జి... మందు కొలతే ప్రాణం

నూజివీడు: పెంపుడు కుందేలు ఒంటిపై బొచ్చు రాలి, చెవుల అంచుల్లోనూ ముక్కు చుట్టూ తెల్లని పెచ్చులు కట్టాయంటే గజ్జి సోకిందని అనుమానించాలి. సకాలంలో సరైన వైద్యం అందితే కొద్ది వారాల్లో నయమయ్యే జబ్బు ఇది. అయితే తెలియక వేసే మందు గజ్జి కంటే ముందే కుందేలు ప్రాణం తీసే ప్రమాదం ఉంది. మామిడి తోటలు, పాడి పశువులు ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు, పశువుల మందు సీసాలు అందుబాటులోనే ఉంటాయి. కుందేలుకు దురద పుట్టిందని వాటిలో ఏదో ఒకటి రాసేయడం, చల్లేయడం తగదు. మందు ఏదన్నది ఎంత ముఖ్యమో, ఎంత అన్నదీ అంతే ముఖ్యం.

బొచ్చు రాలితే గజ్జేనా?

బొచ్చు రాలిన ప్రతి కుందేలుకూ గజ్జి ఉండదు. రుతువు మారే కాలంలో పాత బొచ్చు రాలి కొత్తది రావడం సహజం. అప్పుడు చర్మం శుభ్రంగా ఉంటుంది, దురద ఉండదు. చూడి కుందేలు ఈనడానికి ముందు రొమ్ము, పొట్ట భాగాల్లోని బొచ్చును తానే పీకి పిల్లలకు పక్క ఏర్పరుస్తుంది. కుందేలు చూడి కాలం 30 నుంచి 32 రోజులు కనుక ఆ లెక్క చూసుకుంటే అనవసర ఆందోళన ఉండదు. మేతలో పీచు తక్కువైనా, ఒకే బోనులో ఎక్కువ కుందేళ్లను ఉంచినా ఒకదాని బొచ్చు మరొకటి కొరుకుతుంది. మూత్రంతో తడిసిన నేలపై ఎక్కువసేపు కూర్చుంటే వెనుక భాగంలో చర్మం ఎర్రబడి బొచ్చు ఊడుతుంది. గుండ్రని మచ్చలుగా రాలితే తామర కావచ్చు. తామర శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బు. గజ్జి మందు దానిపై పనిచేయదు.

పురుగును బట్టి లక్షణం

గజ్జిని కలిగించేవి మైట్లుగా పిలిచే సూక్ష్మ పరాన్నజీవులు. సార్కోప్టిస్, నోటోడ్రస్ రకాలు చర్మంలో సొరంగాలు తొలిచి గుడ్లు పెడతాయి. ముక్కు, పెదవులు, కళ్ల చుట్టూ, చెవుల అంచులు, పాదాలపై మందమైన పెచ్చులు కట్టి విపరీతమైన దురద పుడుతుంది. ముదిరితే కుందేలు మేత మాని చిక్కిపోతుంది.

చెవి గజ్జికి కారణం సోరోప్టిస్. చెవి లోపల గోధుమ రంగు పెచ్చులు పొరలు పొరలుగా పేరుకుంటాయి. కుందేలు తరచూ తల విదిలిస్తూ చెవులను వెనుక కాళ్లతో గీరుకుంటుంది. కీలెటియెల్లా అనే మరో రకం మెడ వెనుక, వీపుపై చుండ్రు లాంటి పొట్టును కలిగిస్తుంది. పరిశీలనగా చూస్తే ఆ పొట్టు కదులుతున్నట్లు కనిపిస్తుంది.

పశువైద్యులు పెచ్చును గీకి లేదా చర్మానికి అతుకు టేపు అంటించి తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. గజ్జో తామరో తేల్చడానికి ఇదే మార్గం. పరీక్షకు ముందు నూనెలు, లేపనాలు రాస్తే నిర్ధారణ కష్టమవుతుంది.

చుక్క కంటే తక్కువ

గజ్జి వైద్యంలో ఎక్కువగా వాడే మందు ఐవర్‌మెక్టిన్. దీని ఆవిష్కరణకు జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒమురా, ఐర్లాండ్‌లో పుట్టిన విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. పశువులకు వాడే ఒక శాతం ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఆవులు, గేదెలకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

కుందేలుకు సాధారణంగా కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల వరకు చర్మం కింద ఇస్తారు. రెండు కిలోల కుందేలుకు 0.2 లెక్కన చూస్తే కావాల్సింది 0.4 మిల్లీగ్రాములు. అంటే ఆ సీసాలోంచి 0.04 మిల్లీలీటరు. ఇది మామూలు చుక్క కంటే తక్కువ. పొరపాటున ఒక మిల్లీలీటరు ఎక్కిస్తే 25 రెట్లు ఎక్కించినట్లే. దశాంశ స్థానం ఒకటి తప్పినా పది రెట్లవుతుంది. పెద్ద సిరంజితో ఇంత తక్కువ పరిమాణాన్ని కొలవడం సాధ్యం కాదు. అందుకే కుందేలును తూకం వేసి, సన్నని సిరంజితో పశువైద్యులే ఈ సూది వేయాలి. చూడి కుందేళ్లు, పాలు తాగే పిల్లల విషయాన్ని ముందుగానే చెప్పాలి. మాంసానికి పెంచేవైతే మందు వేశాక ఎన్నాళ్లు ఆగాలో అడిగి తెలుసుకోవాలి.

ఐవర్‌మెక్టిన్ పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపలేదు. వాటి నుంచి వెలువడే పురుగుల కోసం 7 నుంచి 14 రోజుల వ్యవధితో రెండు మూడు సార్లు మందు వేయాల్సి ఉంటుంది. తొలి సూదికే దురద తగ్గిందని రెండోది మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. మెడ వెనుక చర్మంపై వేసే సెలామెక్టిన్ చుక్కలను కూడా వైద్యులు బరువును బట్టి వాడుతుంటారు.

వీటి జోలికి పోవద్దు

కుక్కలకు గోమార్ల నివారణకు వేసే చుక్కల మందుల్లో ఫిప్రోనిల్ ఉన్న రకాలు కుందేళ్లకు ప్రాణాంతకం. మేత మానడం, మత్తు, వణుకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. పొలాల్లో వాడే పురుగుమందుల్లోనూ ఇదే ఫిప్రోనిల్ ఉంటుంది. తేనెమంచు పురుగు కోసం మామిడి పూతపై కొట్టే మందులను నీళ్లలో ఎంత పలచన చేసినా కుందేలుపై వాడరాదు. ఒకప్పుడు పశువుల పేలకు చల్లిన గమాక్సిన్ పొడి బి.హెచ్‌.సి. రకం. దాన్ని దేశంలో 1997లో నిషేధించారు.

కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ చర్మాన్ని కాల్చుతాయి. కుందేలు ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే జీవి. పైన రాసినదేదైనా కడుపులోకి పోతుంది. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. మింగిన విషం బయటికి వచ్చే దారి లేదు. మనుషుల తామరకు వాడే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయి. పుండ్లు చీము పట్టాయని ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులను నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, తీవ్ర విరేచనాలతో కుందేలు మరణించవచ్చు.

పెచ్చులు పీకొద్దు, స్నానం వద్దు

చెవిలోని పెచ్చులను బలవంతంగా లాగితే కింద పచ్చి పుండు పడి తీవ్రమైన నొప్పి కలుగుతుంది. మందు పనిచేశాక అవి వాటంతటవే రాలతాయి. కుందేలును నీళ్లలో ముంచి స్నానం చేయిస్తే భయంతోనూ, ఒంటి వేడి పడిపోయీ కుప్పకూలే ప్రమాదం ఉంది. వేసవిలో ఇందుకు భిన్నమైన చిక్కు. కుందేలుకు చెమట పట్టదు. ఎక్కువ వేడిని చెవుల ద్వారానే వదులుతుంది. జబ్బుపడిన కుందేలును ఎండాకాలంలో చెట్టు నీడన, గాలి ఆడేచోట ఉంచి చల్లని నీరు అందుబాటులో పెట్టాలి.

గూడుకూ వైద్యం కావాలి

సోరోప్టిస్ పురుగు కుందేలు ఒంటిని వదిలాక కూడా మూడు వారాల వరకు బతకగలదు. అందువల్ల ఒక్క కుందేలుకే మందు వేసి ఊరుకుంటే ఫలితం ఉండదు. దానితో కలిసి ఉన్నవాటన్నింటికీ వైద్యం చేయించాలి. పక్కగా వేసిన గడ్డిని, రాలిన బొచ్చును కాల్చివేయాలి. బోనును మరిగే నీటితో కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఇనుప బోనులైతే కుందేళ్లను దూరంగా తరలించాక మంట చూపించవచ్చు. కొత్తగా తెచ్చిన కుందేలును కనీసం మూడు వారాలు విడిగా ఉంచి గమనించాలి. పురుగుమందు కొట్టిన తోటల్లోని గడ్డిని మేతగా కోయరాదు.

కుందేలు గజ్జి, తామర మనుషులకూ అంటుకునే అవకాశం ఉంది. తాకిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చేతులపై, పొట్టపై దురద దద్దుర్లు కనిపిస్తే వైద్యునికి చూపించి, ఇంట్లో కుందేలు ఉన్న సంగతి చెప్పాలి.

ఎక్కడ చూపించాలి?

2022లో జిల్లాల పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినా, కృష్ణా జిల్లాలోని గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఈ ప్రాంతానికి దగ్గరలోనే ఉంది. స్థానిక పశువైద్యశాలలో చూపించి, అవసరమైతే అక్కడికి తీసుకెళ్లవచ్చు. గాలి ఆడే బుట్టలో, తెల్లవారి చల్లని వేళ ప్రయాణం మంచిది. అంతకుముందు ఏదైనా మందు వాడి ఉంటే ఆ సీసాను వెంట తీసుకెళ్లాలి. సూది వేసిన తేదీ, కుందేలు బరువు, మందు పరిమాణం రాసి ఉంచుకోవాలి. వైద్యం సమయంలో కుందేలు ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా మర్నాటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.