భాగం - 9 : వెబ్ స్క్రిప్టింగ్‌లో తొలి చిక్కులు, వాటి చరిత్ర – పిట్లం మండలం ఉదాహరణగా

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• వెబ్ స్క్రిప్టులు డేటాబేస్‌లతో కలిసి పనిచేయడం ఎప్పుడు, ఎలా మొదలైందో
• అరేలు వాడేటప్పుడు కొత్తవారికి ఎదురయ్యే చిక్కులకు మూలం ఎక్కడుందో
• మారే సమాచారాన్ని స్క్రిప్టులో కాక పట్టికలో ఎందుకు ఉంచాలో
• తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారడానికి కారణమేమిటో

9.1 ప్రస్తావన

కామారెడ్డి జిల్లా పిట్లంలో ఉంటూ మీరు ఈ కోర్సు చదువుతున్నారనుకోండి. మండలంలోని విద్యార్థుల వివరాలు నమోదు చేసే చిన్న వెబ్ పుట తయారు చేయాలనుకున్నారు. మొదటి రోజు ఒక్క వరుసే కనిపిస్తుంది. రెండో రోజు ప్రతి పేరూ రెండుసార్లు వస్తుంది. మూడో రోజు ఊరి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. పక్కన అడగడానికి అధ్యాపకుడు ఉండడు. "ఇది నాకు వచ్చే విద్య కాదు" అనిపించేది ఇలాంటప్పుడే.

నిజానికి ఈ చిక్కుల్లో ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంది. ఏదో ఒక సంవత్సరంలో, ఏదో ఒక అవసరం కోసం ఎవరో తీసుకున్న నిర్ణయం ఈనాడు మీ తెరమీద దోషంగా కనిపిస్తోంది. ఆ నిర్ణయం తెలిస్తే దోషం ఎక్కడుందో వెతకడం సులువవుతుంది. ఈ భాగంలో ఆ చరిత్రను పిట్లం ఉదాహరణతో చూద్దాం.

9.2 పహాణీ నుంచి డేటాబేస్ వరకు

పట్టిక మనకు కొత్తది కాదు. తెలంగాణలో భూముల వివరాలు రాసే పహాణీ ఒక పట్టికే. అందులో సర్వే నంబరుకు ఒక నిలువు వరుస, విస్తీర్ణానికి ఒకటి, పట్టాదారు పేరుకు ఒకటి ఉంటాయి. ఒక్కో అడ్డు వరుస ఒక్కో భూమిని గురించి చెబుతుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూవివాదాల్లో ఈనాటికీ వెతుకుతారు. పట్టికలో రాసిన మాటకు ఎంత బరువుంటుందో ఇక్కడి రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

కంప్యూటర్‌లో పట్టికల రూపంలో సమాచారం దాచే పద్ధతికి సిద్ధాంతాన్ని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. ఒక విషయాన్ని ఒకే చోట రాయాలి, మిగిలిన చోట్ల దానిని గుర్తు ద్వారా మాత్రమే సూచించాలి అనేది ఆయన ఆలోచనలోని సారం. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఈ పట్టికలను ప్రశ్నించే భాషను రూపొందించారు. మీరు వాడే ఎస్‌క్యూఎల్ దాని నుంచి వచ్చినదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో 'కార్డ్' పథకం కింద రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టళ్లు మొదలయ్యాయి. కాగితపు పట్టిక వెబ్ పుటగా మారిన క్రమం ఇది.

ఈ క్రమంలో కొత్తవారు తడబడే చోటు ఒకటుంది. మన దగ్గర విస్తీర్ణాన్ని ఎకరాల్లో, గుంటల్లో చెబుతాం. ఎకరానికి 40 గుంటలు. 2 ఎకరాల 30 గుంటలను కాగితం మీద 2.30 అని రాస్తే చదివేవారికి అర్థమవుతుంది. కంప్యూటర్ మాత్రం దానిని దశాంశ సంఖ్యగానే చూస్తుంది. 2.30కి 1.20 కలిపితే 3.50 అంటుంది. అసలు జవాబు 4 ఎకరాల 10 గుంటలు. పైగా దశాంశంలో 2.3, 2.30 ఒకటే, భూమి లెక్కలో మొదటిది 3 గుంటలు, రెండోది 30 గుంటలు. పరిష్కారం ఏమిటంటే అంతా గుంటల్లోనే పూర్ణసంఖ్యగా దాచడం. 110, 60 కలిపితే 170. తెరమీద చూపేటప్పుడు 40తో భాగిస్తే 4 ఎకరాలు, శేషం 10 గుంటలు. దాచే రూపం వేరు, చూపే రూపం వేరు అనే సూత్రాన్ని ఇక్కడ గుర్తుంచుకోండి.

9.3 వెబ్ పుటలోకి స్క్రిప్టు రాక

తొలినాళ్ల వెబ్ పుటలు అచ్చు కాగితాల వంటివి. అందరికీ ఒకే పుట కనిపించేది. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్ రూపుదిద్దుకుంది. చదువరి అడిగినప్పుడు సర్వర్ ఒక ప్రోగ్రామును నడిపి, దాని ఫలితాన్ని పుటగా పంపడం దీనితో సాధ్యమైంది.

రాస్మస్ లెర్డార్ఫ్ తన వ్యక్తిగత పుటను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని ఉపకరణాలు రాసుకుని, 1995 జూన్‌లో 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్' పేరుతో అందరికీ ఇచ్చాడు. పీహెచ్‌పీ పుట్టుక అది. అదే సంవత్సరం మైకేల్ విడేనియస్, అతని సహచరులు స్వీడన్‌లో మైఎస్‌క్యూఎల్‌ను తెచ్చారు. 1998లో జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మన్స్ చేతుల్లో తిరగరాసిన పీహెచ్‌పీ 3 వచ్చింది. రెండూ ఉచితంగా దొరకడం వల్ల చిన్న సంస్థలూ విద్యార్థులూ వీటినే ఎంచుకున్నారు.

ఒక మనిషి సొంత పుట కోసం పుట్టిన ఉపకరణం ప్రపంచమంతా వాడే భాషగా ఎదిగింది. అందువల్ల మొదట్లో సౌకర్యానికి పెద్దపీట, భద్రతకు చిన్నపీట పడ్డాయి. కొత్తవారి చిక్కులు చాలావరకు ఈ సౌకర్యాల నుంచే వచ్చాయి.

9.4 అరేతో వచ్చే చిక్కులు

అరే అంటే ఒకే పేరు కింద వరుసగా దాచిన విలువల సమూహం. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో లెక్క 1 నుంచి మొదలయ్యేది. సీ భాష, దాని బాటలో నడిచిన పీహెచ్‌పీ వంటివి 0 నుంచి లెక్కిస్తాయి. 1982 ఆగస్టులో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా లెక్క సున్నా నుంచి ఎందుకు మొదలవాలో వివరిస్తూ చిన్న వ్యాసం రాశాడు. ఆయన వాదన సరైనదే కావచ్చు. కానీ చిన్నప్పటి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టిన మనకు పది పేర్లున్న అరేలో చివరి పేరు సంఖ్య 9 అని అలవాటయ్యేసరికి కొంతకాలం పడుతుంది.

డేటాబేస్ నుంచి వచ్చిన ఫలితాన్ని చదివేటప్పుడు మూడు చిక్కులు తరచుగా ఎదురవుతాయి.

(అ) ఒక్క వరుసే కనిపించడం: ఫలితం నుంచి వరుసను తెచ్చే ఆదేశం ఒక్కసారికి ఒక్క వరుసనే తెస్తుంది. వేల వరుసలను ఒక్కసారే జ్ఞాపకంలోకి తెచ్చుకోనక్కరలేకుండా చేసిన ఏర్పాటు ఇది. వరుసలు అయిపోయేదాకా దానిని లూప్‌లో పెట్టి మళ్లీ మళ్లీ పిలవాలి.

(ఆ) ప్రతి విలువా రెండుసార్లు రావడం: వరుసను అరేగా ఇచ్చే పాత ఆదేశం ఒకే విలువను సంఖ్యతోనూ, నిలువు వరుస పేరుతోనూ రెండు విధాలుగా ఇస్తుంది. ఎవరికి నచ్చినట్టు వారు వాడుకుంటారని చేసిన సౌకర్యం. అన్నింటినీ ముద్రిస్తే జంటలు కనబడతాయి. పేర్లతో మాత్రమే ఇచ్చే రూపాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

(ఇ) విలువకు బదులు 'అరే' అనే ఆంగ్ల పదమే అచ్చుకావడం: మీరు మొత్తం అరేను ఒక వాక్యంలా ముద్రించమన్నారని అర్థం. అందులోని ఏ విలువ కావాలో పేర్కొనాలి, లేదా విలువలను కామాలతో కలిపి వాక్యంగా మార్చుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
3 ఎకరాల 25 గుంటలకు 2 ఎకరాల 35 గుంటలు కలపండి. దశాంశ పద్ధతిలో వచ్చే జవాబుకూ, సరైన జవాబుకూ తేడా రాయండి.

9.5 పిట్లం ఏ జిల్లాలో ఉంది?

ఈ భాగానికి ఈ ప్రశ్నే కీలకం. 2016 అక్టోబరు 10న అడిగితే జవాబు నిజామాబాదు. మరుసటి రోజు అడిగితే కామారెడ్డి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. పిట్లం మండలంలో ఉన్న పెద్ద కొడప్‌గల్ కూడా 2016లో వేరే మండలంగా ఏర్పడింది. ఊరు ఉన్నచోటే ఉంది. దాని చిరునామా మారింది.

ఇప్పుడు 2014లో ఒక విద్యార్థి రాసిన స్క్రిప్టును ఊహించండి. పది జిల్లాల పేర్లను అకారాది క్రమంలో ఒక అరేలో పెట్టాడు: ఆదిలాబాదు 0, కరీంనగర్ 1, ఖమ్మం 2, నల్లగొండ 3, నిజామాబాదు 4, ఇలా. దరఖాస్తుదారు నిజామాబాదును ఎంచుకుంటే డేటాబేస్‌లో 4 అని దాచాడు. పుట చక్కగా పనిచేసింది.

2016లో కామారెడ్డిని చేర్చాల్సి వచ్చింది. అకారాది క్రమంలో అది కరీంనగర్ తర్వాత, రెండో సంఖ్య దగ్గర కూర్చుంది. దాని కిందివన్నీ ఒక్కో మెట్టు జరిగాయి. 4 దగ్గరికి నల్లగొండ వచ్చింది. పాత నమోదుల్లోని నిజామాబాదు వారందరూ ఒక్క రాత్రిలో నల్లగొండ వారయ్యారు. తెరమీద ఏ దోష సందేశమూ రాదు. దోష సందేశం ఇచ్చే తప్పు కన్నా ఏమీ చెప్పని ఈ తప్పు ప్రమాదకరం. ఉపకార వేతనం కోసం దరఖాస్తు చేసిన విద్యార్థికి "మీ జిల్లా సరిపోలడం లేదు" అనే జవాబు వస్తే, ఆ తప్పు తనది కాదని అతనికి ఎలా తెలుస్తుంది?

పరిష్కారం కాడ్ ఆలోచనలోనే ఉంది. జిల్లాలకు ఒక పట్టిక, మండలాలకు ఒకటి, గ్రామాలకు ఒకటి పెట్టాలి. ప్రతి జిల్లాకూ ఎన్నటికీ మారని గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. మండలం పట్టికలో జిల్లా పేరు రాయకుండా ఆ సంఖ్య మాత్రమే రాయాలి. స్క్రిప్టు అవసరమైనప్పుడు పట్టిక నుంచి పేర్లు తెచ్చుకుని అరేలో నింపుకుంటుంది. అంటే అరే తాత్కాలికమైన చేసంచి; డేటాబేస్ ఇంటి బీరువా.

అయితే పిట్లం వరుసలో నిజామాబాదు సంఖ్యను కొట్టేసి కామారెడ్డి సంఖ్య వేస్తే పని పూర్తికాదు. 2012లో పదో తరగతి పూర్తిచేసినవారి పత్రాల్లో నిజామాబాదు జిల్లా అనే ఉంటుంది. ఆనాటికి అది నిజం. 2011 జనగణన పట్టికల్లోనూ పిట్లం నిజామాబాదు జిల్లాలోనే కనిపిస్తుంది. అందువల్ల మండలానికీ జిల్లాకూ ఉన్న సంబంధాన్ని వేరే పట్టికలో రాసి, 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అనే రెండు తేదీలు చేర్చాలి. పాతది తుడిచేయకుండా కొత్తది రాయడం చరిత్రకారుడి పద్ధతి. మంచి డేటాబేస్ పద్ధతి కూడా అదే.

9.6 పేరు ప్రశ్నార్థకాలుగా మారితే

యూనికోడ్ తొలి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. కానీ మైఎస్‌క్యూఎల్ చాలాకాలం పశ్చిమ ఐరోపా భాషల లిపినే తన సహజ లిపిగా భావించింది. 2018లో వచ్చిన 8.0 కూర్పుతోనే అన్ని లిపులకూ సరిపోయే యూటీఎఫ్-8 సహజ ఏర్పాటైంది. పాత సర్వర్‌లో మీరేమీ చెప్పకుండా 'పిట్లం' అని దాచబోతే, దానికి తెలియని అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వేస్తుంది. ఒకసారి అలా దాచిన పేరును తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

'పిట్లం' మన కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ప, గుడి, ట, పొల్లు, ల, సున్న – మొత్తం ఆరు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కాబట్టి 18 బైట్లు. పొడవు కొలిచే మామూలు పీహెచ్‌పీ ఆదేశం 18 అంటుంది. బహుళ బైట్ల లిపుల కోసం ఉన్న ఆదేశం 6 అంటుంది. బైట్ల లెక్కన పేరును కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగుతుంది. పట్టిక, డేటాబేస్‌తో అనుసంధానం, వెబ్ పుట – ఈ మూడు చోట్లా ఒకే లిపి ఏర్పాటు ఉందో లేదో మొదట చూసుకోండి.

9.7 వాడుకరి రాసినదాన్ని నమ్మవచ్చా?

తొలి పీహెచ్‌పీలో ఫారంలో నింపినవన్నీ నేరుగా స్క్రిప్టులోని చరరాశులుగా మారేవి. సౌకర్యమే, కానీ ఎవరైనా ఏ చరరాశినైనా మార్చగలిగేవారు. 2002లో దీనిని సహజ ఏర్పాటు నుంచి తీసేశారు. వాడుకరి రాసిన మాటను క్వెరీలో యథాతథంగా అతికిస్తే ఆ మాటే ఆదేశంగా మారగలదని 1998 డిసెంబరులో 'ఫ్రాక్' పత్రికలో జెఫ్ ఫారిస్టాల్ వివరించాడు. దీనినే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటాం. ఉద్ధరణ చిహ్నాలకు ముందు బ్యాక్‌స్లాష్‌లు తానే చేర్చే 'మ్యాజిక్ కోట్స్' ఏర్పాటు దీనికి సరైన మందు కాలేకపోయింది. అది 2012లో పీహెచ్‌పీ 5.4తో తొలగిపోయింది. సరైన పద్ధతి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్: ఆదేశం ముందు వెళుతుంది, విలువ విడిగా వెళుతుంది. విలువ ఎన్నటికీ ఆదేశం కాలేదు.

2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పాత మైఎస్‌క్యూఎల్ ఆదేశాలను పూర్తిగా తీసేసింది. పాత పుస్తకంలోని ఉదాహరణను అక్షరం పొల్లుపోకుండా రాసినా "అలాంటి ఆదేశం లేదు" అని వస్తే తప్పు మీ వేళ్లది కాదు, పుస్తకం తేదీది. ఏ ఉదాహరణనైనా వాడేముందు అది ఏ కూర్పుకు రాసిందో చూడండి.

9.8 సారాంశం

కొత్తవారి చిక్కులు వారి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు. సున్నా నుంచి లెక్క, ఒక్కో వరుసగా ఫలితం, లిపి ఏర్పాటు – వీటన్నింటి వెనుకా చారిత్రక నిర్ణయాలున్నాయి. మారే సమాచారాన్ని అరేలో బిగించకుండా పట్టికలో తేదీలతో సహా ఉంచాలి. మనిషి పేరు, ఊరు, భూమి విస్తీర్ణం అతడు చెప్పినట్టే దాచి, అతడు చెప్పినట్టే తిరిగి చూపించడం మీ స్క్రిప్టు బాధ్యత.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వెబ్ స్క్రిప్టింగ్, డేటాబేస్‌ల అనుసంధాన చరిత్రను 1970 నుంచి 2015 వరకు వివరించండి.
2. 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణ దృష్ట్యా పిట్లం మండలానికి పట్టికలు రూపొందించి, మీ ఎంపికలను సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. దోష సందేశం ఇవ్వని తప్పు ఎందుకు ప్రమాదకరం?
2. మీ ఊరి పేరులో యూనికోడ్ గుర్తులెన్నో, బైట్లెన్నో లెక్కించి చూపండి.
3. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అవసరాన్ని తెలపండి.