నర్సు పై చదువు – నాటి నుండి నేటి వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరగా, నా వృత్తి చరిత్రను తెలిసినంతలో మనవి చేస్తున్నాను.

మన ప్రాంతంలో ఈ కథకు గుంటూరే మొదలు. 1883లో అమెరికా నుండి వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఆ రోజుల్లో నర్సు చదువంటే వార్డులో పని నేర్చుకోవడమే. 1946లో ఢిల్లీ, వేలూరులలో బి.ఎస్సి. నర్సింగ్ వచ్చింది. ఎం.ఎస్సి. 1959లో ఢిల్లీలో ప్రారంభమైంది. అయితే ఎం.ఎస్సి. చదివినవారిలో చాలామంది పాఠాలు చెప్పడానికే వెళ్లారు. రోగి మంచం దగ్గర వారికి తగిన ఉద్యోగం లేదు.

ఆ లోటు నాకు 1998లో తెలిసివచ్చింది. పత్తి రైతులు దెబ్బతిన్న సంవత్సరం అది. పురుగుమందు త్రాగినవారిని పల్లెల నుండి ట్రాక్టర్ల మీద తెచ్చేవారు. నేను పనిచేసిన ఆసుపత్రిలో రాత్రిపూట వార్డుకు ఇద్దరమే నర్సులం. అట్రోపిన్ ఇస్తూ నాడి చూడాలి, కంటిపాప చూడాలి, ఛాతీలో గురగుర తగ్గిందో లేదో వినాలి. ఒక రైతుకు మోతాదు చాలడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. పెంచే అధికారం మాత్రం లేదు. డాక్టరు గారు వేరే వార్డులో ఉంటే ఆయాను పరుగెత్తించాను. ఆయన వచ్చేసరికి రైతు ఊపిరి ఆగిపోయింది. "నువ్విక్కడే ఉన్నావు గదమ్మా!" అన్నది అతని భార్య. ఆ మాట నేటికీ మరువలేదు.

అమెరికాలో 1965లోనే కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణ ఆరంభించారు. మన భారత నర్సింగ్ కౌన్సిల్ 2016లో ఐ.సి.యు.ల కోసం అటువంటి రెండేళ్ల పి.జి. కోర్సు తెచ్చింది. చదువు చాలావరకు రోగి మంచం దగ్గరే. ముందుగా వ్రాసిపెట్టిన ఆదేశాల మేరకు, క్షణం ఆలస్యం లేకుండా చికిత్స అందించగల నర్సును తయారుచేయడం దాని ఉద్దేశం.

చదువు వచ్చింది, సంతోషం. దానికి తగిన పోస్టు, జీతపు స్కేలు, వ్రాతపూర్వకమైన అధికారం కూడా ఉండాలి. లేకుంటే ఆ పిల్లలు సైతం నావలె ఆయాను పరుగెత్తించవలసిందే. మన సంఘం పంపే మహజర్లలో పింఛను సంగతులతోపాటు దీనిని కూడా ఒక అంశంగా చేర్చవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.