ఐర్లండు మహాక్షామము

ఐర్లండు మహాక్షామము 1845 నుండి 1852 వరకు ఐర్లండు ద్వీపంలో సంభవించిన తీవ్రమైన కరవు. ఐరిష్ భాషలో దీనిని 'అన్ గోర్టా మోర్' (మహా ఆకలి) అంటారు. ఇందులో సుమారు 10 లక్షల మంది మరణించారు. 10 లక్షలకు పైగా ప్రజలు దేశం విడిచి వెళ్ళారు. పంట నాశనమగుటకు కారణం తెగులు. అయితే అది మహాక్షామంగా మారుటకు నాటి భూస్వామ్య వ్యవస్థ, ప్రభుత్వ విధానాలు కూడా కారణాలని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

నేపథ్యము

1801లో ఐర్లండు బ్రిటన్‌తో విలీనమై, శాసనాధికారం లండన్ పార్లమెంటుకు సంక్రమించింది. సాగుభూమిలో అధికభాగం భూస్వాములది. కౌలుదారులు ధాన్యం, పశువులు అమ్మి కౌలు చెల్లించేవారు. తమ తిండికి కొద్దిపాటి నేలలో బంగాళాదుంప పండించుకొనేవారు. సుమారు 30 లక్షల మందికి ఈ దుంపయే ప్రధానాహారం. అందులోనూ 'లంపర్' అను ఒకే రకాన్ని విస్తారంగా సాగుచేయుట వలన పంటకు వైవిధ్యం లేకపోయింది.

తెగులు

ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అను సూక్ష్మజీవి వలన కలిగే ఆకుమాడు తెగులు 1845లో ఐర్లండుకు సోకింది. ఆకులు నల్లబడి, దుంపలు నేలలోనే కుళ్ళిపోయేవి. 1846లో పంటలో నాలుగింట మూడు వంతులకు పైగా నాశనమైంది. విత్తనపు దుంపలు కూడా తినివేసినందున 1847లో విత్తిన విస్తీర్ణం బాగా తగ్గింది. ఆ సంవత్సరం 'నల్ల నలభై ఏడు'గా ప్రసిద్ధి. ఆకలి కంటే టైఫస్, విరేచనాలు వంటి వ్యాధులతోనే ఎక్కువమంది మరణించారు.

ప్రభుత్వ చర్యలు

ప్రధాని రాబర్ట్ పీల్ 1845లో అమెరికా నుండి లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న కొనిపించాడు. 1846లో అధికారానికి వచ్చిన జాన్ రస్సెల్ ప్రభుత్వం వ్యాపారంలో జోక్యం చేసుకొనరాదని భావించింది. ధాన్యం ఎగుమతులు నిలిపివేయలేదు. 1847లో దిగుమతులు ఎగుమతులను మించినా, కొనుటకు పేదలవద్ద డబ్బు లేదు. ఆ వేసవిలో గంజి కేంద్రాలు రోజుకు 30 లక్షల మందికి ఆహారమందించాయి. కొద్ది నెలలకే వాటిని మూసివేశారు. పావు ఎకరానికి మించి భూమి కలవారికి సహాయం నిరాకరించుటచే, అనేకులు ప్రాణం నిలుపుకొనుటకు భూమిని వదులుకొన్నారు.

సహాయ వ్యవహారాలను పర్యవేక్షించిన ఖజానా అధికారి ఛార్లెస్ ట్రెవెల్యాన్ తీవ్ర విమర్శకు గురయ్యాడు. ఇతడే 1859-60లో మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి.

విదేశీ సహాయము

అనేక దేశాలనుండి విరాళాలు అందాయి. కలకత్తాలో కూడా నిధి సేకరించి పంపారు. స్వస్థలం నుండి తరిమివేయబడిన అమెరికా ఆదివాసులైన చోక్టా ప్రజలు 1847లో తమ పేదరికంలోనే చందా వేసుకొని డబ్బు పంపారు.

పర్యవసానాలు

1841లో 81 లక్షలకు పైగా ఉన్న జనాభా 1851 నాటికి సుమారు 65 లక్షలకు తగ్గింది. అమెరికా, కెనడాలకు వలస వెళ్ళినవారిలో వేలాదిమంది 'శవపేటిక నౌకలు'గా పేరుపడిన ఓడలలో దారిలోనే మరణించారు. కరవు తీవ్రంగా ఉన్న పశ్చిమ ప్రాంతాలే ఐరిష్ భాషకు నెలవులగుటచే, ఆ భాష కూడా క్షీణించింది. బ్రిటిష్ పాలనపై పెరిగిన ఆగ్రహం తరువాతి స్వాతంత్ర్యోద్యమానికి బలమిచ్చింది. 2022 నాటికి ద్వీపపు జనాభా 70 లక్షలు దాటినా, 1841 నాటి సంఖ్యను చేరుకోలేదు.